గింజలు నూరిన సన్నికల్లు

పచ్చగా ఉంది. అత్త కుక్క కాలూ కక్కింది పచ్చగా ఉంది, అందులో రొట్టె ముక్కలు నానిపోయి తెల్లగా కనిపిస్తున్నాయి, ఎంత తల తిప్పుకున్నా రత్నం కళ్ళముందు నుంచి అది కదలదు, భుయ్యాడీహ్ సందులన్నీ దాటి పెద్ద రోడ్డెక్కినా కదల్లేదు, మినీబస్సు ఒకటి చెవులు పగిలేలా హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయినా కదల్లేదు. నడుస్తోందా అంటే నడక కాదు, పరుగా అంటే పరుగూ కాదు, ఆడది రోడ్డుమీద పరిగెడితే నలుగురూ ఆగి చూస్తారని మధ్యమధ్య తమాయించుకునే అడ్డదిడ్డపు నడక అది. గోల్‌మురి ఇంకెంత దూరం, మొగుడు సూర్యం సైకిలు వెనక కూర్చుని పోయిన రోజు ఇట్టే అయిపోయిన రోడ్డు ఇవాళేటి ఇలా సాగుతోంది, కార్ఖానాలో మధ్యాన్నం కూత, భోంపూ, ఇంకా కొట్టలేదు కదా, కొట్టేసిందేమో, తనకే వినపడలేదేమో, లేదు లేదు, కొడితే ఊరంతా వినపడుతుంది, చచ్చినోళ్ళకి కూడా వినపడుతుంది. భోంపూ కొడితే కార్ఖానాలో కూలీలంతా పని దిగుతారు, సూర్యం కూడా దిగుతాడు, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని డబ్బా మూత తీస్తాడు, అందులో రొట్టెలుంటాయి, రొట్టెల మధ్య పచ్చడుంటుంది, ఆ పచ్చడే పొద్దున్న అత్త కుక్కకి కూడా రొట్టెకి రాసి పెట్టింది.

సిగ్గట, సిగ్గు! ఏటి సిగ్గే నీది రత్నం, తలలో పేలు పడితే సిగ్గా, రైల్లో జనరల్ డబ్బాలో పలాస నుంచి టాటానగర్ దాకా ఎవరి తల మీద ఎవరి తల ఆనించి పడుకున్నారో ఎవరికి తెలుసు, పేలు పట్టక పూలు పడతాయా. కానీ అత్త నూకాలమ్మ నోరు అలాంటిది. మా ఇంటా వంటా పేలున్న మనిషి లేదంటుంది, అదేదో పెద్ద జమీందారీ అయినట్టు. నెలరోజులు రత్నం గోక్కోవడం దొంగతనంగా గోక్కుంది, పొయ్యి దగ్గర కూర్చుని గోక్కుంది, దొడ్లోకెళ్ళి గోక్కుంది, రాత్రిళ్ళు మొగుడి పక్కన చెయ్యి కదపకుండా పంటిబిగువున పడుకుంది. ఆఖరికి దొడ్లో సీతాఫలం చెట్టు కాయలు పండి రాలుతుంటే తిన్నన్ని తిని, గింజలు ఏరి, రేకు కప్పు మీద ఎండబెట్టింది. అమ్మ చేసేది అదే కదా, ఎండిన గింజలు మెత్తగా నూరి కొబ్బరినూనెలో కలిపి తలకి పట్టించి గుడ్డ కట్టేసేది, పూటకల్లా ఒక్క పేను మిగిలేది కాదు. అయితే అమ్మకి దానికో రాయుండేది, పశువులశాల వెనక పగిలిన పలకరాయి, ఆ రాయి మీద ఇంకేదీ నూరనిచ్చేది కాదు, ముట్టుకుంటేనే చేతులు కడిగించేది. ఇక్కడ రెండో రాయి ఎక్కడిది? ఉన్నదొక్కటే సన్నికల్లు. అత్త తెల్లారగట్ల సువర్ణరేఖ ఏటికి స్నానానికి పోయింది, ఆ కాస్త సందులోనే రత్నం గింజలు నూరేసింది, తలకి పట్టించేసింది, గుడ్డ చుట్టేసింది, రాయి బూడిదతో కడిగింది, మళ్ళీ కడిగింది, ఇంకోసారి చింతపండు పెట్టి తోముదామని లేచేసరికి తడి చీరతో అత్త వచ్చేసింది. రావడం రావడం కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, టమాటా ఆ రాయి మీదే పడేసింది. మొన్ననే సిల్లు కొట్టేవాడు వీధిలోకొస్తే ఉలి పెట్టి గంట్లు కొట్టించిన రాయి, కొత్త గంట్లు, ఒక్కో గంటులో ఆవగింజ పడితే పైకి రాదు. రత్నం చూస్తూ నిలబడింది. పొత్రం అటూ ఇటూ పోతుంటే చూస్తూ నిలబడింది, నోరు మాత్రం పెగల్లేదు. తలకి గుడ్డేటే అనడిగింది అత్త. తలనొప్పి, అంది.

తలనొప్పి! ఆ మాట అన్న నోటిని ఇప్పుడు రాయి పెట్టి కొట్టుకోవాలనిపిస్తోంది.

ఆ తర్వాత ఎండెక్కాక కాలూ కక్కింది. కాలూ అంటే అత్త సొంత కొడుకు తర్వాత కొడుకు, వీధిలో పుట్టిన నల్లకుక్క, అత్త చేతి ముద్ద తప్ప తినదు. ఒకసారి కక్కి ఊరుకుంటే ఏమోలే అనుకోవచ్చు, మళ్ళీ మళ్ళీ కక్కింది, చివరికి నురగ వచ్చింది, చెట్టు మొదట్లో కాళ్ళు బారజాపి పడిపోయింది. గోడ మీద నుంచి పక్కింటి ఛప్రా దీదీ తల పెట్టి చూసింది, ఆవిడ ఎప్పుడూ పెడుతుంది. మైనే కహా థా నా, షరీఫా కా బీజ్ కుత్తే కే లియే జహర్ హై, అంది, సీతాఫలం గింజ కుక్కకి విషమని ముందే చెప్పానంది, వాళ్ళ అత్తారింట్లో కుక్క ఇలాగే ఇలాంటి చెట్టు కిందే పోయిందట, కొట్టించెయ్యండి అంటే వింటేనా అంది. ఆవిడకి ఆ చెట్టు ఆకులు తన దొడ్లో రాలుతున్నాయని ఏనాటి నుంచో కడుపుమంట. అత్త లేచింది. విషమేటి, నా మొగుడు ఉమ్మిన గింజకి మొలిచిన చెట్టు, మూడేళ్ళ నుంచి ఈ కుక్క రాలిన ప్రతి పండూ తిని గింజలు ఊసీసింది, ఏనాడైనా తుమ్మిందా, ఉప్పుడు విషమెలాగయిపోనాది అని తెలుగులో ఈవిడా, హిందీలో ఆవిడా కేకలేసుకుంటుంటే, రత్నం కుక్క ముందు గొంతుక్కూర్చుని ఆ పచ్చని కక్కు చూస్తోంది. చెట్టు కాదు. చెట్టు కానే కాదు. పండు తిన్న కుక్క గింజ నమలదు, ఊసేస్తుంది, మింగినా మింగినట్టే బయటికి పోతుంది, నూరితేనే విషం, నూరింది తను, అని లోపల ఒక్కొక్కటే తెలుస్తుంటే, ఆ వరసలోనే, కుక్క తిన్న పచ్చడి ఇంకెవరి డబ్బాలో ఉందో కూడా తెలిసింది. బజారుకెల్లొత్తానత్తా, అంది. అంతే అంది. అత్త వినిపించుకోలేదు, కుక్క తల ఒళ్ళో పెట్టుకుని చెవులు నిమురుతోంది.

అగ్రికో దాటింది కాబోలు. రోడ్డు పక్క దుర్గాపూజ పందిరికి వెదుళ్ళు పాతుతున్నారు, వెదురు మీదున్నవాడు కిందవాడికేదో చెప్పి నవ్వాడు, తనని చూసేనా, నవ్వుకోనీ. చెమట. గుడ్డ కింద నుంచి నుదుటి మీదకి కారుతోంది, నూనె చెమట, అందులో గింజ ముద్ద కరిగి దిగుతోంది, ఎడమ కన్ను అప్పుడే మండుతోంది. కళ్ళలో పడకూడదు, కళ్ళలో పడితే చూపు పోతుంది, అమ్మ తల చుట్టేటప్పుడు నుదుటికి ఇంకో గుడ్డ గట్టిగా బిగించి కట్టేది, కన్ను తెరిచావంటే గుడ్డిదానివే అనేది, వాళ్ళ వీధిలో దాలమ్మ కూతురికి అలాగే కన్ను తెల్లబడిపోయిందని ఆ పిల్లని పిలిచి మరీ చూపించేది. కంటికే అంత చేసింది కడుపుకి ఏం చేస్తుంది? చిన్నప్పుడు గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని భయపెట్టేవారు, ఎన్ని మింగలేదు, ఎవరికి మొలిచింది, అవన్నీ నున్నగా నల్లగా గట్టి గింజలు, కడుపులోకి ఎలా వెళ్ళాయో అలాగే పోయాయి. ఇది అలా కాదు కదా. రాయి గంట్లలో ఎంతుండిపోయి ఉంటుంది, గోరంత ఉంటుందా, గోరంతకి కుక్క పడిపోతే మనిషి పడిపోతాడా, కుక్క చిన్నది, మనిషి పెద్దవాడు, కానీ కుక్కకి ఒక్క రొట్టే, సూర్యానికి ఆరు రొట్టెలు, ఆకలెక్కువ ఆ మనిషికి, పచ్చడి కూడా ఎక్కువ రాయమంటాడు. కొంగుతో నుదురు తుడుచుకుంటే కొంగుకి కూడా ఆ వాసన, పచ్చి వెగటు వాసన, ఆ కొంగుతోనే కన్ను తుడిచింది, ఓలమ్మా, ఇంకా మండింది. ఒక కన్ను మూసుకునే నడుస్తోంది.

పడిపోతే. కింద పడితే అంత ఎత్తు నుంచి. మొన్న విశ్వకర్మ పూజనాడు కార్ఖానా గేట్లు తీసి అందరి ఇళ్ళవాళ్ళనీ లోపలికి రానిచ్చారు, ఏడాదికొక్కరోజు, కొత్త చీర కట్టుకుని వెళ్ళింది, యంత్రాలకి బొట్లు, దండలు, సూర్యం వేలు పైకెత్తి అదిగో అక్కడ అన్నాడు, తలెత్తి చూస్తే మెడ పట్టేసింది, అంత పైన గొట్టాలు, గొట్టాల పక్కన పాదం పట్టేంత దారి, అక్కడ నిలబడి రంగు వేస్తాడట. భయం వెయ్యదా మావా అంది. కిందకి సూడను, నాను ఏసిన రంగు సూత్తాను అన్నాడు. తిన్నాక మళ్ళీ ఎక్కుతాడు కదా, ఎక్కాక కళ్ళు తిరిగితే, కడుపులో తిప్పితే, వంగి కక్కబోతే. వద్దు, అది ఆలోచించకు, కాళ్ళు చూసుకో, నడు. అడిగినవాడు కాదు, ఏనాడూ ఒక్కమాట అన్నవాడు కాదు, నెల రోజులుగా నువ్వు మంచం అంచుకి జరిగి పడుకుంటే ఎందుకని కూడా అడగలేదు, నీకు తన మీద కోపమనుకున్నాడేమో పిచ్చి మారాజు, మొన్నరాత్రి తల మీద చెయ్యి వేయబోతే విదిలించి కొట్టావు. చేతికి పేను అంటుతుందని. ఆ సంగతి చెప్పావా? చెప్పలేదు. నీ నోట్లో ఏముందే, నోరేనా అది?

గేటు. గేటు ముందు రెండు చాయ్ దుకాణాలు, సైకిళ్ళ వరస, ఖాకీ దర్వాను. క్యా హై, అన్నాడు. దారంతా హిందీ మాటలు ఏరుకుంటూ వచ్చింది, తీరా నోరు తెరిస్తే అన్నీ తెలుగై కూర్చున్నాయి. మేరా ఆద్మీ, ఖానా, ఖానా నై ఖానా, బోలో ఉస్కో, అంది, తన మొగుణ్ణి డబ్బా తినొద్దని చెప్పమని. తల గుడ్డ, మూసుకున్న కన్ను, కారే చెమట చూసి దర్వాను పిచ్చిదనుకున్నాడు, చెయ్యి ఊపి పక్కకి పొమ్మన్నాడు. కడ్డీలు పట్టుకుంది. నా మొగుడండీ, సూర్యం, పెయింటు గేంగు, అని తెలుగులోనే అరిచేసింది, అరుస్తుంటే నెత్తి మీదే అన్నట్టు భోంపూ లేచింది, తన అరుపు తనకే వినపడలేదు, అది ఆగేదాకా నోరు తెరుచుకుని కడ్డీలు పట్టుకుని ఊపుతూనే ఉంది. ఆగాక గేటు లోపలి నుంచి ఒక ముసలాయన, భుజాన తువ్వాలు, చాయ్‌కి బయటకొస్తున్నాడు. ఆయన అసిరయ్య, సూర్యం గేంగుకి మేస్త్రీ, పూజనాడు ప్రసాదం చేతిలో పెట్టిన మనిషి.

"ఎవులూ, సూర్యం ఇల్లాలివి కాదా? ఏటయినాదమ్మా?"

"డబ్బా తినొద్దని సెప్పు బాబూ. బేగి. అందులో మందు కలిసిపోనాది."

"మందేటి?"

"పేలమందు," అంది. అనేసింది. దుకాణం ముందున్న వాళ్ళు తిరిగి చూశారు, అందులో తెలుగువాళ్ళెందరో తెలీదు. అసిరయ్య చాయ్ మాట మరిచి వెనక్కి తిరిగాడు. ముసలాయన, మోకాళ్ళు పట్టేసిన మనిషి, పరిగెట్టబోయి పరిగెట్టలేక కుంటుకుంటూ పోతున్నాడు. ఆయన వీపు యంత్రాల వెనక మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

ఇక చెయ్యాల్సింది లేదు. అది అన్నిటికన్నా కష్టం. కూలీలు గుంపులుగా వస్తున్నారు, డబ్బాలు విప్పుతున్నారు, ఒకడు ఉల్లిపాయ గుప్పిటతో చితక్కొడుతున్నాడు, ఇంటికాడ కూడా ఇదే వేళకి అందరూ తింటారు, ఎదురింటి ఒడియావాళ్ళు పఖాళ, అదే చద్దన్నం, పెట్టుకుంటారు, అత్త కూడా ఇదే వేళకి, భోంపూ అక్కడికీ వినపడుతుంది, అది వినగానే అత్త పీట వాల్చుకుంటుంది, ఎప్పుడూ అంతే, ముందు కొడుకు డబ్బా, తర్వాత కోడలికి గిన్నె, అందరిదీ అయ్యాక సన్నికల్లు మీద మిగిలిన పచ్చడి చేత్తో తుడిచి తన రొట్టెకి

రాసుకుంటుంది.

రత్నం చేతులు కడ్డీల మీద నుంచి జారిపోయాయి. అత్తకి చెప్పలేదు. బజారుకెల్లొత్తానని చెప్పింది. మూడంటే మూడడుగుల దూరంలో కుక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషికి, అత్తా ఆ పచ్చడి ముట్టుకోకు అని ఒక్క మాట, ఊరి ఈ చివరికి పరిగెత్తి వచ్చి గేటు మనిషికి, మేస్త్రీకి, చాయ్ దుకాణంలో ముక్కూ మొహం తెలీని మగాళ్ళకి చెప్పిన మాట, ఇంట్లో మనిషికి చెప్పలేదు. మరిచిపోయావా? నిజంగా మరిచిపోయావా రత్నం? మొగుడు గుర్తొచ్చాడు, మొగుడి ఎత్తు గుర్తొచ్చింది, ఆరు రొట్టెలు గుర్తొచ్చాయి, అత్త గుర్తు రాలేదా, రాలేదు, ఒట్టు, రాలేదు, వస్తే చెప్పకపోయానా, చెబితే ఏమనేదో తెలుసు, పేలముండా అనేది, పక్కింటి దీదీ వినేలా అనేది, అందుకని కాదు, అందుకని కానే కాదు, అమ్మతోడు, మరి ఎందుకని? ఏడుపు రాలేదు. భయం ఒక్కటే, ఒళ్ళంతా భయమే, మొగుడి కోసం భయపడ్డప్పుడు కాళ్ళు నడిచాయి, ఈ భయానికి కాళ్ళు కూడా రావడం లేదు.

సూర్యం వచ్చాడు. నడిచే వచ్చాడు, చొక్కా నిండా వెండి రంగు చుక్కలు, చేతిలో మూత తెరిచిన డబ్బా, ముఖంలో కంగారు. వెనక అసిరయ్య రొప్పుతున్నాడు.

"ఒక రొట్టి తిన్నాను," అన్నాడు సూర్యం. "సేదుగా ఉన్నాదని పచ్చడి గీకీసి పారేసినాను. ఏటే, ఏటయినాది?"

చెప్పింది. నించున్నచోటే, గేటు ముందే, పేలు, గింజలు, సన్నికల్లు, కొత్త గంట్లు, కాలూ, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పింది, అతను కోప్పడతాడేమో అని చూసింది, కోప్పడలేదు, నవ్వుతాడేమో అని చూసింది, నవ్వలేదు. అతను అడిగింది ఒక్కటే.

"అమ్మకి సెప్పినావా?"

సూర్యం ఆమె ముఖం చూశాడు. అతనికి అర్థమైపోయింది. డబ్బా అసిరయ్య చేతిలో పెట్టి, మున్షీకి నువ్వే సెప్పు అనేసి సైకిళ్ళ వరసలోంచి తన సైకిలు లాగాడు.

ఆ సైకిలు మీద తిరుగుదారి, ఒక కన్ను మూసి, ఒక కన్ను అతని వీపుకి ఆనించి. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది, ఎండకా, లోపల ఏదైనా మొదలైందా, ఒక రొట్టెకి ఏమీ కాదు, ఒక రొట్టెకే కదా కుక్క పడింది, గోతి వచ్చి సైకిలు తూలితే గోతా, కళ్ళు తిరిగాయా, మావా బాగున్నావా అంది, ఊఁ అన్నాడు, కాసేపాగి మళ్ళీ అడిగింది, నోర్ముయ్యే అన్నాడు, ఆ కసురుకి ఎంత సంతోషమేసిందో, కసరడానికి ఓపికున్న మనిషికి ఏమీ కాలేదన్నమాట. అత్త పట్టు పట్టి తినకపోతే బాగుణ్ణు, ఇవాళ ఏ మంగళవారమో అయ్యుంటే ఉపవాసముండేది, ఇవాళేం వారం, బుధవారం, బుధవారం తింటుంది, గట్టి మనిషి, పొట్టిది, కుక్కకన్నా ఎంత పెద్దది, అరవై దాటిన మనిషి, ఎవరూ లేకుండా ఇంట్లో కక్కుకుంటూ పడుంటే, దీదీ గోడ మీదనుంచి చూస్తుందిలే, ఎప్పుడూ చూస్తుంది కదా, ఇవాళ కూడా చూడమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఇవాళొక్కరోజు ఇంకాస్త ఎక్కువ చూడు.

సందులోకి తిరగ్గానే ఆకాశం తేడాగా కనపడింది. తమ ఇంటి మీద ఎప్పుడూ ఉండే పచ్చదనం లేదు, వెలుతురు ఎక్కువగా ఉంది. సైకిలు పడేసి సూర్యం లోపలికి పరిగెత్తాడు, వెనకే రత్నం. దొడ్లో చెట్టు అడ్డంగా పడి ఉంది, పచ్చికాయలు నేలంతా దొర్లి, లేత కొమ్మలు విరిగి, మధ్యలో నూకాలమ్మ గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు చాపుకు కూర్చుంది, జుట్టుముడి ఊడిపోయి ఉంది, అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. పక్కన కాలూ తల ఎత్తి గిన్నెలో గంజి నాకుతోంది, సూర్యాన్ని చూసి తోక నేలకేసి రెండుసార్లు కొట్టింది.

"అమ్మా, తిన్నావేటి?"

"ఏటి తింతాన్రా, కుక్క అలా పడుంటే," అంది నూకాలమ్మ. ఎందుకొచ్చాడని కూడా అడగలేదు. "దీదీ సెప్పినది నిజమేనేమో అనుకున్నాను. కుక్క కావాలో సెట్టు కావాలో సూసుకోవాల కదా. కొట్టీసినాను. మీ అయ్య ఉమ్మిన గింజ." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తినలేదు. తినలేదు, తినలేదు. రత్నం ఆ కొమ్మల్లోనే కూలబడింది. ఇప్పుడు ఊరుకోవచ్చు. ఎవరికీ ఏమీ కాలేదు, కుక్క కూడా లేచింది, రాయి రేపు చింతపండు పెట్టి తోముకుంటే సరిపోతుంది, చెట్టే కదా విషమన్నారు, చెట్టు పోయింది, ఊరుకోవచ్చు, సూర్యం కూడా తనని చూస్తున్నాడు గానీ తనంతట తాను చెప్పడు, ఆ మనిషి ఎప్పుడూ అంతే.

"సెట్టు కాదత్తా," అంది రత్నం. "నాను. తలలో పేలు పడితే గింజలు నూరినాను. ఆ రాయి మీద. నువ్వు పచ్చడి నూరుతుంటే సూసి ఊరుకున్నాను."

నూకాలమ్మ వింది. పడి ఉన్న చెట్టుకేసి చూసింది, సన్నికల్లుకేసి చూసింది, కొడుకుకేసి పైనుంచి కిందకి చూసింది. గొడ్డలి పక్కన పెట్టి లేచి వచ్చి, ఆ బొబ్బలెక్కిన చేత్తోనే రత్నం చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ చేత్తోనే గడ్డం పట్టుకుని ముఖం వెలుగులోకి తిప్పింది. రత్నం రెండు కళ్ళూ నిప్పుల్లా ఉన్నాయి.

"ఓలమ్మ, కళ్ళలోకి దిగిపోనాది కదే. ముయ్యి. గట్టిగా ముయ్యి. ఒరే, నీళ్ళు తే."

తల గుడ్డ విప్పింది. చెంబుతో నీళ్ళు పోసింది, వేళ్ళు పెట్టి తల రుద్దింది, బొబ్బలు మండుతున్నాయేమో ఊపిరి బిగబట్టి రుద్దింది, తిడుతూనే రుద్దింది, పేలముండా అంది, దొంగముండా అంది, ఆ తిట్లు గోడ అవతలికి కూడా పోయాయి. కళ్ళు మూసుకున్న రత్నానికి నీళ్ళ చప్పుడు, ఆ గొంతు తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి ఆ గొంతు తగ్గింది.

"మొగుడి కాడికెల్లినావు. మంచిదే. నాను తినీసుంటే?"

మరిచిపోయానత్తా అని నాలుక చివరికి వచ్చింది. తడి జుట్టు ముఖమంతా కప్పేసి ఉంది, అబద్ధమాడినా కనపడదు.

"నువ్వు గుర్తొచ్చీసరికి గేటుకాడున్నాను," అంది రత్నం.

తల మీద చెయ్యి ఆగిపోయింది. నీళ్ళు చెవుల వెంట కారి మెడలోకి దిగాయి. చెంబు బకెట్లో ముంచే చప్పుడు కోసం రత్నం కళ్ళు బిగించుకుని ఎదురుచూస్తోంది, అది రాలేదు, కాలూ గిన్నె నాకుతున్న చప్పుడొక్కటే వస్తోంది. చాలాసేపటికి చెంబు మునిగింది.

"వంగు," అంది నూకాలమ్మ.